ఫిల్టరు కాఫీ పొడికి జల్లెడ: ఎంత తీయాలి, ఎంత ఉంచాలి

పొద్దున్న ఆరున్నరకి డికాషన్ వేసి, స్నానం చేసి వచ్చి చూస్తే కింది గిన్నెలో రెండు చెంచాలు కూడా దిగి ఉండదు. పైన నీళ్లు చెరువులా నిలబడి ఉంటాయి. ఫిల్టరుని గట్టు మీద రెండుసార్లు తట్టి, చెంచాతో కెలికితే అప్పుడు ఒక్కసారిగా దిగుతుంది, నల్లగా, అడుగున మడ్డితో. ఇంకోరోజు అదే ఫిల్టరులో వేరే పొడి వేస్తే పది నిమిషాల్లో మొత్తం జారిపోతుంది. పాలల్లో కలిపితే రంగు వస్తుంది, కాఫీ రాదు. ఇలా రెండు రకాలుగానూ విసిగాక నేను జల్లెడ పట్టుకున్నాను.

మొదటిరోజు మా అమ్మ చూసి, "ఏంట్రా, పొద్దున్నే అరిసెల పిండి జల్లిస్తున్నావా?" అంది.

"కాదమ్మా, కాఫీ పొడి."

"కాఫీ పొడికి జల్లెడేంట్రా! సరే, ఇంతకీ ఏది పారేస్తావు, పైదా కిందదా?"

నా దగ్గర జవాబు లేదు. అరిసెల పిండికైతే పైన మిగిలిన నూక పక్కన పెట్టి, కిందది వాడతాం. కాఫీ పొడిలో పైన మిగిలిన నూకా ఇబ్బందే, మరీ మెత్తగా రాలిన నుసీ ఇబ్బందే, మధ్యది కావాలి. అంతవరకూ ఎవరైనా చెబుతారు. కొన్ని నెలలు పొడి వృథా చేసుకున్నాక నాకు తెలిసింది ఏమిటంటే, మన స్టీలు ఫిల్టరుకి ఆ నుసి మొత్తం తీసేయకూడదు. కొంత ఉంటేనే డికాషన్ చిక్కగా దిగుతుంది. ఆ కొంత ఎంత అన్నది మీ మిక్సీ, మీ ఫిల్టరు చెప్పాలి. వాటిచేత ఎలా చెప్పించుకోవాలో కింద రాస్తున్నాను.

## నూక, పొడి, నుసి

వేగిన కాఫీ గింజ పెళుసుగా ఉంటుంది. మరలో పడితే సమానమైన ముక్కలుగా తెగదు, పగులుతుంది. వేయించిన అప్పడం చేత్తో నలిపి చూడండి. పెద్ద ముక్కలు కొన్ని, చిన్నవి కొన్ని, వేళ్లకి అంటుకునే నుసి కొంత వస్తాయి. గింజదీ అదే తీరు. ఎంత ఖరీదైన మరలో అయినా కొంత నుసి తప్పదు. మిక్సీలో మరీ ఎక్కువ. బ్లేడు దగ్గర తిరిగే ముక్క మళ్లీ మళ్లీ దెబ్బలు తింటుంది, జారు అంచుకి ఎగిరిన ముక్క తప్పించుకుంటుంది. నల్లగా వేయించిన గింజ ఇంకా పెళుసు కాబట్టి నుసి ఇంకా పెరుగుతుంది.

పలుకు అడ్డుకొలత సగమైతే, అంతే బరువు పొడికి నీళ్లు తగిలే చోటు రెట్టింపవుతుంది. 1 మి.మీ. నూకకీ 0.1 మి.మీ. నుసికీ మధ్య గ్రాముకి పది రెట్ల తేడా. నూక నడిమి దాకా నీళ్లు వెళ్లేలోపే డికాషన్ దిగిపోతుంది, అందుకే అది పుల్లగా, పల్చగా వదులుతుంది. నుసి అలా కాదు. మొదటి నిమిషంలోనే మంచి రుచంతా ఇచ్చేసి, మిగతా అరగంటా వేడినీళ్లలో నానుతూ చేదునీ, నాలుక పిడచకట్టే వగరునీ వదులుతూ ఉంటుంది. చిల్లుల్లోంచి కిందకి జారిన నుసి డికాషన్ గిన్నెలో కూడా ఆ పని మానదు. ఒకే గుక్కలో పులుపూ చేదూ రెండూ తగిలాయంటే గింజని తిట్టుకోకండి. ముందు పొడి సైజు చూడండి.

మరి నుసి ఎందుకు ఉంచడం? మన ఫిల్టరులో కాగితం లేదు, గుడ్డ లేదు. చిల్లుల రేకు ఒక్కటే. నిజానికి అక్కడ వడపోసేది రేకు కాదు, దాని మీద పరుచుకున్న పొడే. పలుకుల మధ్య సందుల్లో కొంచెం నుసి చేరితే నీళ్లు నిదానంగా, పొడంతా తడుపుకుంటూ దిగుతాయి. అసలు లేకపోతే ఇసుక నేలలో పోసినట్టు జారిపోతాయి. ఎక్కువైతే నల్లరేగడి మీద వాన కురిసినట్టు నిలబడిపోతాయి.

## చికోరీ కలిసిన పొడిని జల్లించకండి

మొదలుపెట్టే ముందు ప్యాకెట్ మీద చదవండి. చికోరీ కలిపిన పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని మన ఆహార భద్రత నిబంధన. ఏది ఎంత శాతమో ప్యాకెట్ మీద రాయాలి కూడా. మీ డబ్బాలో ఉన్నది అలాంటి మిశ్రమమైతే జల్లెడ పక్కన పెట్టండి. చికోరీ ఒక మొక్క వేరుని ఎండబెట్టి, వేయించి చేసేది, కాఫీ గింజ. రెండూ ఒకే తీరుగా నలగవు. జల్లిస్తే ఒక జల్లెడ మీద ఒకటి ఎక్కువ, ఇంకోదాని మీద ఇంకోటి ఎక్కువ మిగులుతాయి. మీరు 80:20 అనుకుని వేసేది ఏ లెక్కకీ అందదు. పైగా చికోరీ గాలిలో తేమని ఇట్టే పీలుస్తుంది. వానాకాలంలో, అందులోనూ విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో, సన్న జల్లెడ గళ్లకి బంకలా పట్టేస్తుంది. నేను ఒకసారి ఆ పని చేసి, పిన్నీసుతో గళ్లు గీకుతూ ఆదివారం పొద్దుటంతా గడిపాను.

చికోరీ రుచి కావాలనుకునేవాళ్లు అసలు కాఫీ పొడి విడిగా, చికోరీ విడిగా కొనుక్కోవాలి. పొడి మర పట్టి అమ్మే దుకాణాల్లో అడిగితే విడిగా ఇస్తారు. కాఫీ జల్లించి, తూచి, చివర్లో చికోరీ కలపాలి. 30 గ్రాములకి 80:20 అంటే 24 గ్రాముల కాఫీ, 6 గ్రాముల చికోరీ.

గింజ ఏదైనా ఫరవాలేదు. నేను ఎక్కువగా అరకు గింజ వాడతాను. అరకు వ్యాలీ అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మధ్యస్థంగా వేయించినది దొరికితే నుసి తక్కువ వస్తుంది, జల్లెడ పడ్డ కష్టం కప్పులో కూడా తెలుస్తుంది. బాగా మాడిన గింజకి ఇంత శ్రమ దండగ.

## రెండు జల్లెడలు ఎంచుకోవడం

కాఫీకి జల్లెడ కొత్త సంగతేమీ కాదు. ప్యాకెట్ల మీద కనిపించే 'ప్లాంటేషన్ ఏ', 'డబుల్ ఏ' పేర్లు పుట్టిందే జల్లెడ మీద. 7.1 మి.మీ. గుండ్రటి చిల్లుల జల్లెడ మీద నిలిచేది డబుల్ ఏ, 6.65 మీద నిలిచేది ఏ, 6 మీద నిలిచేది బి. పచ్చి గింజని అలా వేరుచేస్తారు, ఒకే సైజువి సమానంగా వేగుతాయని. మనం పొడికి చేయబోయేదీ అదే.

కొలత రాసిన కాఫీ జల్లెడలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి గానీ ఖరీదు. స్టీలు సామాన్ల కొట్లో దొరికేవి చాలు. జల్లెడకి నంబరు చెబుతారు, అంటే అంగుళానికి ఎన్ని గళ్లు అని. పై జల్లెడకి 30 నంబరు, సుమారు 0.6 మి.మీ. కింది జల్లెడకి 80 నంబరు, సుమారు 0.18 మి.మీ. తీగ మందాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది.

కొట్లో నంబరు తెలియదంటే ఇంటి సరుకులతో పరీక్ష పెట్టండి. పై జల్లెడలో ప్యాకెట్ మెత్తుప్పు దిగిపోవాలి, పంచదార నిలవాలి. సన్నటి తీగ టీ వడపోత చాలావరకు ఈ పరీక్ష నెగ్గుతుంది. కింది జల్లెడలో మైదా దిగాలి, మెత్తుప్పు దాదాపుగా అంతా నిలవాలి. మైదా కోసం అమ్మే సన్న జల్లెడల్లో కొన్ని సరిపోతాయి, కొన్ని సరిపోవు. ఉప్పు పొట్లం జేబులో పెట్టుకుని కొట్టుకి వెళ్లడానికి సిగ్గుపడకండి.

స్టీలు జాలీయే తీసుకోండి. నైలాన్ జాలీకి కాఫీ నుసి అంటుకుని రాదు. కారం, ధనియాల పొడి జల్లించినది మాత్రం వద్దు. మూడుసార్లు కడిగి వాడాను, డికాషన్ రసంలా వచ్చింది.

ఇవి కాక, గ్రాము తేడా చూపించే చిన్న తూకం యంత్రం ఉండాలి. చెంచాల లెక్క ఇక్కడ కుదరదు. జల్లించిన పొడి, జల్లించని పొడి ఒకే చెంచాలో ఒకే బరువు తూగవు.

## 1. గింజ మర పట్టడం

సొంత మర ఉన్నవాళ్లు ఫిల్టరు కాఫీకి పెట్టే సైజులోనే పెట్టండి, మైదాలా కాదు, సన్న రవ్వకన్నా కొంచెం మెత్తగా. మిగతా కబురంతా మిక్సీ వాళ్లకి, అంటే మనలో చాలామందికి.

30 గ్రాముల పొడి కావాలంటే 40 గ్రాముల గింజ తీసుకోండి. గాలి చొరని డబ్బాలో ముందు రాత్రి ఫ్రీజరులో పెట్టి, తీసిన వెంటనే మర పట్టండి. చల్లటి గింజ నలిగితే పలుకులు మరింత ఒకే తీరుగా వస్తాయని 2016లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపించింది. మిక్సీ జారు వేడెక్కి వాసన పోవడం కూడా కొంత తగ్గుతుంది. డబ్బా మూత తీసి అలా వదిలేస్తే మాత్రం గింజకి చెమ్మ పడుతుంది, అప్పుడు అసలుకే మోసం.

ఇంకొకటి: చెంచా కాడని నీళ్లలో ముంచి, విదిలించి, ఆ తడితో గింజల్ని ఒకసారి కలపండి. ఒక్క చుక్కంత తడి చాలు. నలిగేటప్పుడు పుట్టే స్టాటిక్ విద్యుత్తు తగ్గి, నుసి జారుకీ మూతకీ అంటుకోవడం తగ్గుతుంది. 2023లో ఒరెగాన్ యూనివర్సిటీ వాళ్లు ఈ సంగతి కొలిచి మరీ చెప్పారు. స్టాటిక్ ఉంటే నుసి పెద్ద పలుకులకి అతుక్కుపోయి జల్లెడలోంచి దిగదు, అందుకని మన పనికి ఇది మరీ ముఖ్యం.

ఇప్పుడు చట్నీ జారులో వేసి రెండేసి సెకన్లు మాత్రమే తిప్పండి, ఆపండి, జారు విదిలించండి. ఇలా ఐదుసార్లు. అక్కడ ఆగండి. సగం గింజ ఇంకా పప్పు ముక్కల్లా ఉంటుంది, ఉండనివ్వండి.

## 2. మధ్యలో జల్లించడం

మిక్సీ కాఫీ బాగుపడేది ఇక్కడ. మిగతా మెట్లన్నీ బద్ధకించినా ఇదొక్కటి వదలకండి.

జారులో ఉన్నదంతా పై జల్లెడలో పోసి పదిసార్లు విదిలించండి. కిందకి దిగింది పక్కన పెట్టేయండి. దాని పని అయిపోయింది, మళ్లీ బ్లేడుకి చూపించనక్కరలేదు. పైన మిగిలిన నూకని మాత్రమే జారులో వేసి మళ్లీ మూడు నాలుగు తిప్పులు తిప్పి జల్లించండి. మళ్లీ మిగిలింది మళ్లీ. మూడో విడతకి చిటికెడు నూక మిగులుతుంది, దాన్ని చిన్న డబ్బాలో వేసి ఉంచండి, రేపటి గింజతో కలుపుకోవచ్చు.

దీనివల్ల ఏం జరిగింది? సరైన సైజుకి వచ్చిన ముక్క వెంటనే బయటపడింది. ఒకే బిగిని నలభై సెకన్లు తిప్పితే ఆ ముక్కలన్నీ నుసి అయ్యేవి. నేను రెండు తీరులా చేసి తూచుకున్నాను. ఒకే బిగిని తిప్పినప్పుడు 40 గ్రాముల్లో 14 గ్రాములు కింది జల్లెడ దాటి నుసిగా రాలింది. విడతలుగా జల్లిస్తూ తిప్పినప్పుడు 9 గ్రాములు. మీ మిక్సీలో అంకెలు వేరుగా రావచ్చు, తేడా మాత్రం కంటికే తెలుస్తుంది.

## 3. నుసి వేరు చేయడం

దిగిన పొడంతా కింది జల్లెడలో వేయండి. ఒకేసారి 20 గ్రాములు మించనివ్వకండి, మందంగా ఉంటే పైపొర కదులుతుంది గానీ కిందకి దిగదు. ఒక పళ్లెం మూతగా పెట్టి, జల్లెడని తిప్పడం కాదు, పక్కనుంచి అరచేత్తో చిన్నగా తడుతూ ఉండండి. అర నిమిషం తట్టి, ఒకసారి విదిలించి, ఇంకో అర నిమిషం. ఒక్క నిమిషం చాలు.

ఎక్కువసేపు తట్టితే ఇంకా రాలుతూనే ఉంటుంది. అది చూసి ఉత్సాహపడొద్దు. పలుకులు ఒకదాన్నొకటి రాసుకుని కొత్త నుసి పుడుతుంది, వాసన గాలికి పోతూ ఉంటుంది. వంటిల్లంతా కాఫీ ఘుమఘుమ అంటే కప్పులో అంత తగ్గినట్టే.

కింద పళ్లెంలో రాలింది వేళ్ల మధ్య నలిపి చూడండి. గోపీచందనంలా జారుతుంది, రంగు కూడా మిగతా పొడికన్నా కొంచెం లేతగా కనిపిస్తుంది. జల్లెడ మీద మిగిలింది ఇసుకలా గరగరలాడుతుంది. ఇందులో లేత గోధుమరంగు పొరలు కనిపిస్తే అది గింజ మధ్య గీతలో దాగిన పొట్టు. చిన్నగా ఊదితే ఎగిరిపోతుంది. ఫ్యాను మాత్రం ముందే ఆపి ఉండాలి, ఎందుకో చెప్పక్కరలేదు.

## 4. నుసి తిరిగి కలపడం

మా అమ్మ ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. కింది జల్లెడ మీద మిగిలిన పొడి 27 గ్రాములు తూచండి. పక్కన పెట్టిన నుసిలోంచి 3 గ్రాములు తిరిగి దానిలో కలపండి. మూత ఉన్న డబ్బాలో వేసి బాగా ఊపండి. 30 గ్రాములకి 3 గ్రాముల నుసి, అంటే పదో వంతు. ఇది నా ఫిల్టరుకి కుదిరిన లెక్క. మీరు ఇక్కడ మొదలుపెట్టి, డికాషన్ దిగే సమయాన్ని బట్టి సర్దుకోండి.

150 మి.లీ. నీళ్లు 20 నుంచి 30 నిమిషాల్లో దిగితే వేలు పెట్టకండి. పది, పన్నెండు నిమిషాలకే దిగిపోతే రేపు నుసి ఒక గ్రాము పెంచండి. 40 నిమిషాలు దాటితే ఒక గ్రాము తగ్గించండి. రోజుకి ఒక గ్రాము, ఒక్కటే మార్పు. నుసి, నీళ్లు, పొడి బరువు మూడూ ఒకేరోజు మారిస్తే దేనివల్ల ఏమైందో మీకే తెలియదు.

చికోరీ కలిపేవాళ్లు నుసి 2 గ్రాములతో మొదలుపెట్టండి. తడిసిన చికోరీ ఉబ్బి తనవంతు అడ్డం తానూ వేస్తుంది.

## 5. ఫిల్టరులో వేయడం

పై గిన్నె పూర్తిగా ఆరి ఉండాలి. తడి చిల్లుల దగ్గర నుసి ముద్దకట్టిందంటే ఆ రోజుకి అంతే. వెలుతురుకి ఎత్తి చూడండి, చిల్లులన్నీ కనిపించాలి. మూసుకుపోయిన స్టీలు గిన్నెని స్టవ్ మంట మీద ఒక నిమిషం కాల్చి, చల్లారాక బ్రష్‌తో రుద్దడం మన ఇళ్లలో పాత వైద్యమే.

ఒక చిన్న ఉపాయం. నుసి కలపకముందు మధ్య పొడిలోంచి రెండు చెంచాలు తీసి ఉంచుకోండి. ఫిల్టరులో ముందు అది పరిచి, దాని మీద నుసి కలిపిన మిగతా పొడి వేయండి. నీళ్లు వడకట్టే కుండల్లో అడుగున గులకరాళ్లు, పైన ఇసుక వేసినట్టు. చిల్లుల దగ్గర పెద్ద పలుకులు ఉంటే నుసి కిందకి జారదు, మడ్డి బాగా తగ్గుతుంది. అడుగున నూకే వేస్తే సరిపోదా అని అది కూడా చేసి చూశాను. మడ్డి తగ్గింది గానీ డికాషన్ రుచిలో పచ్చిదనం వచ్చింది.

గిన్నెని పక్కల నుంచి చిన్నగా తట్టి పొడి చదును చేయండి. కాడ ఉన్న చిల్లుల బిళ్ల పెట్టి, దాని బరువుకి తోడు వేలితో ఒకసారి ఆనించండి, అంతే. బలంగా అదమాల్సిన అవసరం జల్లించని పొడికి ఉంటుందేమో గానీ దీనికి లేదు.

నీళ్లు తెర్లి కాగాక అర నిమిషం ఆగండి. ముందు 40 మి.లీ. బిళ్ల మీద చుట్టూ పోసి, మూతపెట్టి, 40 సెకన్లు లెక్కపెట్టండి. పొడి ఉబ్బి గాలి వదులుతుంది. తర్వాత మిగిలిన 110 మి.లీ. పోసి మూతపెట్టి అక్కడినుంచి వెళ్లిపోండి. తట్టొద్దు, కెలకొద్దు. తడితే పైనున్న నుసంతా చిల్లుల దగ్గరికి చేరుతుంది. దిగడం లేదని మనం తట్టే ప్రతి దెబ్బకీ ఇంకాస్త మూసుకుంటుంది. చెంచా పెట్టి కెలికితే దిగుతుంది నిజమే, కానీ పొడి పడక చెదిరి, నీళ్లు ఒకే దారి చూసుకుని జారిపోతాయి.

30 గ్రాముల పొడి తన బరువుకి రెండింతల నీళ్లు పీల్చుకుని ఉంచేసుకుంటుంది. కాబట్టి 150 పోస్తే 90 మి.లీ. దాకా వస్తుంది. అది మూడు కప్పుల డికాషన్. కప్పుకి 30 మి.లీ. డికాషన్, 100 మి.లీ. పైచిలుకు చిక్కటి పాలు. రెండో డికాషన్ గురించి అడుగుతారని తెలుసు. ఇలా వేసిన పొడిలో రెండోసారికి పెద్దగా ఏమీ మిగలదు. వేసుకోవచ్చు, చుట్టాలకి మాత్రం ఇవ్వకండి.

## పక్కపక్కన పెట్టి చూడండి

జల్లించడం మీ ఇంట్లో నిజంగా పనిచేస్తోందో లేదో తేలాలంటే ఒక ఆదివారం రెండు ఫిల్టర్లు పెట్టండి. ఒకే గింజ, ఒకే బరువు, ఒకే నీళ్లు. ఒకదాంట్లో మిక్సీ నుంచి తీసిన పొడి తీసినట్టే, ఇంకోదాంట్లో జల్లించింది. పక్కింటి నుంచి ఫిల్టరు అరువు తెచ్చి నేను చేశాను. జల్లించనిది 50 నిమిషాలకి కూడా పూర్తిగా దిగలేదు. జల్లించింది 24 నిమిషాలకి దిగింది.

రెండు డికాషన్లనీ గాజు గ్లాసుల్లో పోసి పది నిమిషాలు కదపకుండా ఉంచాను. మొదటిదాంట్లో అడుగున సన్నటి బురద పొర, పైన మసక. రెండోదాన్ని కిటికీకి ఎదురుగా పట్టుకుంటే అంచుల దగ్గర ఎర్రగా, చింతగింజ రంగులో మెరిసింది. పాలు కలపకముందు చెంచాడు నోట్లో వేసుకోండి, తేడా అక్కడే తెలుస్తుంది. మొదటిది గొంతులో పట్టుకుంటుంది. పాలూ పంచదారా పడ్డాక తేడా సగానికి తగ్గిపోతుందని ఒప్పుకోవాలి. రెండు చెంచాల పంచదార వేసుకునేవాళ్లకి ఈ పనంతా అనవసరం.

పైగిన్నెలు కూడా బోర్లించి చూడండి. జల్లించిన పొడి ఇడ్లీలా ఒకే ముద్దగా ఊడి పడుతుంది. జల్లించనిది పైన జిగట, మధ్యలో పొడిపొడి. లోపల కొంత పొడికి నీళ్లే తగల్లేదని అర్థం.

## దుకాణంలో పట్టించిన పొడి అయితే

చికోరీ లేకుండా, "ఫిల్టరుకి, కొంచెం రవ్వగా" అని అడిగి పట్టించుకోండి. దానికి పై జల్లెడ అవసరం పెద్దగా ఉండదు. కింది జల్లెడ ఒక్కటి వాడి, మొత్తం పొడిలో నుసి పదో వంతు ఉండేలా తూచి తిరిగి కలపండి. అరకిలో ఒకేసారి జల్లించి పెట్టుకుందామన్న ఆలోచన నాకూ వచ్చింది. వద్దు. పొడి జల్లెడలో ఎగిరినప్పుడల్లా గాలి తగిలి వాసన పోతుంది, వారానికి అట్టముక్కలా తయారవుతుంది. ఏ రోజుది ఆ రోజే.

అమెరికాలోనో, హైదరాబాద్‌లోనో వీ60 లాంటి కాగితపు ఫిల్టరు వాడేవాళ్లకి లెక్క మారుతుంది. అక్కడ వడపోసేది కాగితం, కాఫీ మూడు నాలుగు నిమిషాల్లో అయిపోవాలి, నుసి కాగితం రంధ్రాల్ని మూసేస్తుంది. కాబట్టి తిరిగి కలపడం అంటూ లేదు, రాలిన నుసి రాలినట్టే పక్కన పెట్టేయండి. నీళ్లు మరీ త్వరగా జారిపోతే మరని ఒక గీత మెత్తగా తిప్పండి. మంచి బర్ గ్రైండర్ (రెండు పళ్ల చక్రాల మధ్య గింజని నలిపే మర) ఉన్నవాళ్లకి జల్లెడ వల్ల వచ్చే లాభం చాలా తక్కువ. నేనైతే ఆ శ్రమ పడను.

## మిగిలిన నుసి, జల్లెడ కడగడం

రోజుకి ఆరేడు గ్రాముల నుసి మిగులుతుంది. పారేయకండి. టర్కీ కాఫీకి కావలసింది సరిగ్గా ఇలాంటి మైదాలాంటి పొడే. చిన్న గిన్నెలో 70 మి.లీ. చల్లటి నీళ్లు, 6 గ్రాముల నుసి, కావాలంటే చిన్న బెల్లం ముక్క వేసి సన్న సెగ మీద పెట్టండి. నురుగు లేచి అంచుకి వచ్చేటప్పుడు దించేయండి, తెర్లనివ్వకండి. మూడు నిమిషాలు ఆగితే నుసి అడుక్కి చేరుతుంది, పైది తేర్చుకుని తాగడమే. సాయంత్రం నాలుగింటికి నాకు ఇదే. సింకులో మాత్రం వేయకండి, గొట్టంలో అడుగున పేరుకుపోతుంది. ఎక్కువైతే ఎండుటాకులతో కలిపి ఎరువు డబ్బాలో వేయండి.

జల్లెడల్ని రోజూ కడగక్కరలేదు. వాడగానే బోర్లించి తట్టి, పొడి పెయింటు బ్రష్‌తో కింది వైపు నుంచి దులిపితే చాలు. వారానికోసారి వేడినీళ్లలో చుక్క సబ్బు వేసి నానబెట్టి, కడిగి, ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. కాఫీ నూనె పట్టిన జాలీ గళ్లు మెల్లగా సన్నబడతాయి. నెల తర్వాత హఠాత్తుగా నుసి తక్కువ రాలుతోందంటే మిక్సీ బాగుపడిందని సంబరపడకండి, జల్లెడ కడగండి.

జల్లెడ కాఫీకి విడిగా కొనుక్కోండి. మొన్న సంక్రాంతికి మా అమ్మ అడగకుండా నా సన్న జల్లెడ తీసుకుని పిండి జల్లించింది. తడిపిండి గళ్లలో ఎండిపోయి నాకు వారం పాటు పాతరకం డికాషనే గతి అయింది. అరిసెల్లో కాఫీ వాసన వస్తోందని చెబితే ఆవిడ మాత్రం ఒప్పుకోలేదు.